చదువరికి తగిన చోటు

గ్రంథాలయం పుస్తకాలు దాచే చోటు అనే భావం ప్రపంచంలో చాలాకాలం ఉండేది. ఆ పుస్తకాలను చదివే మనిషికి కూర్చోటానికి ఒక చోటు కావాలన్న ఆలోచన తరువాత వచ్చింది. ఆ చోటు అతనికి తృప్తిగా ఉన్నదా లేదా అని అతన్నే అడిగి తెలుసుకోవటం మరీ ఇటీవలి సంగతి. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో ఈ మూడు దశలూ గడవటానికి సుమారు ఏడువందల ఏండ్లు పట్టింది.

అచ్చుయంత్రం రాకముందు యూరపులో పుస్తకమంటే చేతితో వ్రాసినదే. ఒక గ్రంథం తయారు కావటానికి నెలలు పట్టేది. అటువంటి విలువైన వస్తువును విద్యార్థి చేతికిచ్చి పొమ్మనటానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. అందుకని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కళాశాలలలో పుస్తకం అట్టకు ఇనుప గొలుసు తగిలించి, గొలుసు రెండవ కొనను బల్లకు కట్టిన కడ్డీకి తొడిగేవారు. గొలుసు అట్ట ముందు అంచుకు ఉండేది కాబట్టి పుస్తకాన్ని ఈనాటివలె వీపు బయటికి కనబడేటట్లు పెడితే గొలుసులు చిక్కుపడిపోయేవి. ఆ కారణంగా పుటల అంచు బయటికి వచ్చేటట్లు తిప్పి నిలబెట్టేవారు. ఏ పుస్తకం ఎక్కడున్నదో తెలియటానికి ప్రతి బల్ల పక్కనా ఒక పట్టిక వ్రేలాడేది.

ఈ గొలుసు చదువరి చోటును కూడ నిర్ణయించింది. పుస్తకం వెలుతురు దగ్గరకు రాలేదు. కనుక వెలుతురే పుస్తకం దగ్గరకు రావాలి. గోడకు అడ్డంగా బల్లల వరుసలు వేసి, రెండు వరుసల మధ్య ఒక కిటికీ వచ్చేటట్లు గది కట్టేవారు. గ్రంథాలయ వాస్తువులో చదువరి కంటికి జరిగిన మొదటి ఉపకారం ఇదే. ఐతే అది అతని సుఖం కోరి చేసినది కాదు, గొలుసు పొడుగు చాలక చేసినది.

ఆక్స్‌ఫర్డులో 1602లో తెరచిన బాడ్లియన్ గ్రంథాలయం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అక్కడ ప్రవేశం పొందే ప్రతి చదువరీ లోపలికి నిప్పు గాని మంట గాని తేనని ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణం ఈనాటికీ ఉన్నది. అగ్నిభయం వల్ల ఆ గ్రంథాలయంలో 1845 వరకు చలి కాగే ఏర్పాటు లేదు, 1929 వరకు దీపమూ లేదు. శీతకాలంలో ఆక్స్‌ఫర్డులో సాయంకాలం నాలుగు గంటలకే పొద్దు గ్రుంకుతుంది. ఆ రోజులలో చదువరి మూడున్నరకే పుస్తకం మూయవలసి వచ్చేదన్నమాట! పుస్తకాల గొలుసులు మాత్రం 1757 నుంచి తీసివేయసాగారు. నిప్పు వల్ల పుస్తకాలు కాలిపోతాయన్న భయం నిజమైనదే. కాని చదువరి చేతులు కొంకర్లు పోవటాన్ని లెక్కలోకి తీసుకొన్నవారు లేరు.

దీపాన్ని చదువరి దగ్గరకు తెచ్చిన కీర్తి పారిస్ నగరానికి చెందుతుంది. అక్కడ విద్యార్థుల పేటలో సెయింట్ జెనెవీవ్ గ్రంథాలయం కొత్త భవనం 1851లో తెరుచుకొన్నది. దాని శిల్పి ఆన్రీ లాబ్రూస్త్. సన్నని ఇనుప స్తంభాల వరుస మీద ఇనుప కమానులు నిలిపి, పైన విశాలమైన పఠనమందిరం కట్టాడు. రాళ్ళ గోడలు బరువు మోయనవసరం తగ్గింది కాబట్టి చుట్టూ పెద్ద కిటికీలు పెట్టటం సాధ్యమైంది. రాత్రి చదువుకొనే విద్యార్థుల కోసం గ్యాసుదీపాలు అమర్చారు. పగలు బడికో పనికో పోయేవాడు రాత్రి చదువుకోవచ్చునన్న సంగతిని భవనంలోనే ఇమిడ్చిన మొదటి పెద్ద గ్రంథాలయాలలో ఇది ఒకటి. లండనులో బ్రిటిష్ మ్యూజియం వారు 1857లో 140 అడుగుల అడ్డుకొలతతో గుండ్రని పఠనమందిరం కట్టారు. అంత గొప్ప మందిరంలో కూడ గ్యాసు పెట్టటానికి భయపడ్డారు. మంచు కమ్మితే చదువరులను ఇంటికి పంపేవారు. 1879లో విద్యుద్దీపాలు వచ్చిన తరువాతనే ఆ బాధ తీరింది. మంట లేని వెలుతురు రావటం గ్రంథాలయ చరిత్రలో అచ్చుయంత్రం తరువాత చెప్పుకోదగిన సంఘటన అనటం అతిశయోక్తి కాదు.

పుస్తకాలు లక్షలకు పెరిగేసరికి కొత్త చిక్కు వచ్చింది. ఉక్కు అరలతో అంతస్తుల మీద అంతస్తులుగా పుస్తకాల గదులు కట్టి తలుపులు మూశారు. విద్యార్థి చీటీ వ్రాసి ఇచ్చి, ఎత్తైన పఠనమందిరంలో కూర్చొని, నౌకరు తెచ్చేదాకా ఎదురు చూడాలి. గొలుసు పోయి చీటీ వచ్చింది! కావలసిన పుస్తకం పేరు ముందే తెలిసిన పండితునికి ఈ పద్ధతి బాగానే ఉండేది. ఏ పుస్తకం కావాలో తెలియకనే కదా కుర్రవాడు గ్రంథాలయానికి వచ్చేది!

ఈ చిక్కును గట్టిగా పట్టించుకొన్నవారిలో మన దేశపు మనిషి ఒకరున్నారు. శియాళి రామామృత రంగనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులైనారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందినవే కాబట్టి, ఆ గ్రంథాలయం తెలుగు విద్యార్థులది కూడ. తరగతి నిండా పిల్లలతో గడిపిన ఆయనకు అక్కడి ఒంటరితనం భరించరానిదై, తిరిగి కళాశాలకు పోతానని కోరారట. పెద్దలు నచ్చజెప్పి లండనుకు పంపారు. అక్కడ అనేక గ్రంథాలయాలు తిరిగి చూసి, గ్రంథాలయానికి ప్రాణం చదువరి అన్న నమ్మకంతో 1925లో తిరిగివచ్చారు.

రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలను ఈనాడు గ్రంథాలయ విద్యార్థులందరూ వల్లె వేస్తారు. పుస్తకాలు ఉన్నది వాడుకోటానికి అనేది వాటిలో మొదటిది. చూడటానికి అది ఎవరికైనా తెలిసిన మాటే. కాని ఆ ఒక్క మాట నుంచి ఆయన రాబట్టిన ఫలితాలు చూడాలి. పుస్తకాలు వాడుకోటానికైతే గ్రంథాలయం ఊరిచివర ఉండరాదు. చదువరికి తీరిక ఉన్న వేళలలో మూసి ఉండరాదు. అరలు చేతికందని ఎత్తున ఉండరాదు. కుర్చీ బల్లలు నడుము నొప్పి పుట్టించరాదు. సిబ్బంది కాపలాదార్లవలె ప్రవర్తించరాదు. చోటు, వేళ, సామాను, మనుషులు – ఈ నాలుగింటినీ గణితంలో సిద్ధాంతం నుంచి ఉపసిద్ధాంతాలు తీసినట్లు ఆయన ఒకే సూత్రం నుంచి తీశారు. మద్రాసులో అరల మధ్యకు చదువరులను స్వేచ్ఛగా పోనిచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. 1936లో సముద్రపు ఒడ్డున ఆ గ్రంథాలయానికి సొంత భవనం వచ్చింది. పుస్తకాలు పోతాయని భయపడేవారికి సమాధానం సులభమైనది: మూసిపెట్టిన పుస్తకం పోయినదానితో సమానమే.

అమెరికాలో ఇదే ఆలోచన మరొక రూపంలో వచ్చింది. హార్వర్డు విశ్వవిద్యాలయంలోని మహా గ్రంథాలయంలో, పండితుల కోసం కూర్చిన లక్షల పుస్తకాల మధ్య, కొత్తగా చేరిన విద్యార్థికి దిక్కు తోచేది కాదు. అక్కడి గ్రంథాలయాధికారి కీస్ మెట్‌కాఫ్ ప్రోద్బలంతో 1949లో లామాంట్ గ్రంథాలయం తెరిచారు. పట్టపరీక్షకు చదివే విద్యార్థుల కోసమే విడిగా కట్టిన మొదటి విశ్వవిద్యాలయ గ్రంథాలయం అది. పుస్తకాలు తెరచిన అరలలో ఉన్నవి. కూర్చొనే చోట్లు ఒకే పొడవాటి మందిరంలో గాక పుస్తకాల చుట్టుపక్కల పరచుకొని ఉన్నవి. మెట్‌కాఫ్ తరువాత 1965లో గ్రంథాలయ భవన నిర్మాణం మీద పెద్ద గ్రంథం వ్రాశాడు. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎంత దూరం ఉండాలి, ఒక్కొక్క చదువరికి బల్ల మీద ఎంత చోటు కావాలి వంటి సంగతులను అంగుళాలతో సహా చర్చించిన పుస్తకమది.

అంత ఆలోచించి కట్టిన ఆ భవనంలోకి ఆడపిల్లలను రానివ్వలేదు! రాడ్‌క్లిఫ్ కళాశాల విద్యార్థినులు హార్వర్డు ఉపన్యాసాలు వినేవారే. ఐనా లామాంట్ తలుపు వారికి 1967లో గాని తెరుచుకోలేదు. గ్రంథాలయం ముందుకు వెళ్లి, తోడుగా కళాశాల పెద్ద గాని, పరిచయపత్రం గాని లేదని వెనక్కు మరలిన స్త్రీని గురించి ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లోనే వ్రాసింది. లామాంట్‌లో కూర్చున్నవారిని 1950లో ఎవరైనా పోయి తృప్తిగా ఉన్నదా అని అడిగి ఉంటే, బాగున్నదనే సమాధానం వచ్చి ఉండేది. అడగవలసినవారిలో కొంతమంది గుమ్మం బయట ఉన్నారు.

చదువరి తృప్తిని శాస్త్రీయంగా పరిశీలించటం 1960 దశకంలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు మొదలుపెట్టారు. వారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పనిచేసిన రాబర్ట్ సామర్ ముఖ్యుడు. గ్రంథాలయంలో ఎవరు ఏ కుర్చీ ఎన్నుకొంటారో ఆయన గమనించాడు. ఇతరుల జోలి లేకుండా ఒంటరిగా చదువుకోదలచినవారు బల్ల చివరి కుర్చీ కోరతారు. ఇంకెవ్వరూ ఆ బల్ల దగ్గరకు రాకూడదనుకొన్నవారు నడిమి కుర్చీలో కూర్చుంటారు. కుర్చీ మీద చొక్కాయో నోటుపుస్తకమో పెట్టి పోతే మనిషి లేకపోయినా ఆ చోటు నిలిచి ఉంటుందని కూడ పరిశీలనలో తేలింది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే మనవారికి ఈ సంగతి చెప్పటానికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. ఐనా లెక్కకట్టి చూపటం శాస్త్రజ్ఞుని పని.

సామర్, ఆయన సహచరి నాన్సీ ఫెలిపీ 1966లో ప్రకటించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చుట్టూ ఖాళీ కుర్చీలున్నచోట ఒంటరిగా చదువుకొంటున్న విద్యార్థిని పక్కకు పరిశోధకురాలు పోయి, కుర్చీ బాగా దగ్గరకు లాక్కొని కూర్చునేది. మాట లేదు, చూపు లేదు, కేవలం సామీప్యం. అరగంట గడిచేసరికి అట్లా ఇబ్బంది పెట్టబడినవారిలో నూటికి 70 మంది లేచి పోయారు. ఎవరూ పక్కకు రానివారిలో ఆ అరగంటలో లేచినవారు నూటికి 13 మంది మాత్రమే. వెళ్ళకముందు వారు మోచేయి అడ్డం పెట్టటం, పుస్తకాలు గోడవలె పేర్చటం, కుర్చీ జరుపుకోవటం వంటివి చేశారు. 80 మందిలో ఒకే ఒక విద్యార్థిని మాత్రం కొంచెం జరగమని నోరు తెరచి అడిగింది.

ఈ చివరి అంకె మీద ఉపాధ్యాయులు దృష్టి పెట్టవలసి ఉన్నది. అసంతృప్తి కలిగిన చదువరి ఫిర్యాదు చేయడు. లేచి పోతాడు. ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉన్నదని సంతోషించే అధికారి కుర్చీలు ఖాళీగా ఉన్నవో లేవో చూసుకోవాలి.

నోరు విప్పని మనిషి తృప్తిని కొలవటం ఎట్లా? దీనికి మొదటి పనిముట్టు గ్రంథాలయాల నుంచి రాలేదు. 1980 దశకంలో అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు ఆచార్యులు బ్యాంకులు, మరమ్మతు దుకాణాలు మొదలైన సంస్థల సేవ ఎంత నాణ్యంగా ఉన్నదో కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ఆ ముగ్గురిలో ఎ. పరశురామన్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవాడు, మిగిలిన ఇద్దరు వలరీ జైతమల్, లియొనార్డ్ బెర్రీ. మనిషి పొందినదానికీ, పొందుతానని ఆశించినదానికీ మధ్య ఉన్న తేడాయే నాణ్యానికి కొలత అని వారి సిద్ధాంతం. అదే విశ్వవిద్యాలయపు గ్రంథాలయంవారు దీనిని తమ పనికి తగినట్లు మార్చుకొన్నారు. అమెరికాలోని పరిశోధక గ్రంథాలయాల సంఘంతో కలిసి 2000 సంవత్సరంలో లిబ్‌క్వాల్ అనే ప్రశ్నావళిని ప్రయోగానికి పెట్టారు. తరువాత అది అనేక దేశాలకు వ్యాపించింది.

దాని పద్ధతి తెలుసుకోదగినది. మొత్తం 22 ప్రశ్నలు. సిబ్బంది సేవ, సమాచారం దొరికే తీరు, చోటు అని మూడు భాగాలు. ప్రతి ప్రశ్నకూ చదువరి ఒకటి నుంచి తొమ్మిది వరకు మూడు అంకెలు వేయాలి: కనీసం ఎంత ఉంటే సహిస్తాడు, ఎంత ఉంటే బాగుండునని కోరుతాడు, ఇప్పుడు ఎంత ఉన్నదనుకొంటున్నాడు. ఉదాహరణకు, ఒంటరిగా చదువుకొనే నిశ్శబ్దమైన చోటు విషయంలో ఇద్దరు విద్యార్థులు ఇప్పుడు ఉన్నది ఏడు అని వేశారనుకొందాం. ఒకని కనీసం ఐదు, కోరిక ఏడు. అతని కోరిక తీరినట్లే. రెండవవాని కనీసం ఎనిమిది, కోరిక తొమ్మిది. అతనికి ఆ గ్రంథాలయం సహించరానిది. అంకె ఒకటే, మనుషులు వేరు. బాగున్నదా, బాగాలేదా అని ఊరకే అడిగితే ఈ తేడా బయటపడదు.

చోటుకు సంబంధించిన ప్రశ్నలు ఐదు. చదువు మీద ఉత్సాహం పుట్టించే చోటా, నిశ్శబ్దం ఉన్నదా, హాయిగా ఆహ్వానించేటట్లు ఉన్నదా, మిగిలిన గొడవల నుంచి తప్పించుకొని వచ్చి చదువుకోవచ్చునా, నలుగురు కలిసి చదువుకోటానికి వీలున్నదా. రెండవ ప్రశ్నకూ ఐదవ ప్రశ్నకూ పొత్తు కుదరదని చూడగానే తెలుస్తుంది. ఈ రెండింటి తగవే గడచిన ముప్పై, నలభై సంవత్సరాలలో కట్టిన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల చరిత్ర.

తగవుకు కారణం కంప్యూటరు. పుస్తకాన్ని ఒకరే చదవవచ్చును. తెర ముందు ముగ్గురు చేరతారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1992లో తన గ్రంథాలయంలో కంప్యూటర్లతో ఒక విభాగం తెరిచింది. 1994లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు లీవీ గ్రంథాలయాన్ని ఇదే దృష్టితో కట్టారు. పుస్తకాల అరలు తగ్గాయి, కలిసి కూర్చొనే గదులు పెరిగాయి. నిశ్శబ్దం అనే బల్ల వ్రాతలు కొన్ని గదులకే పరిమితమైనవి. పాతతరం ఆచార్యులు దీనిని చూసి గ్రంథాలయం కాఫీహోటలైపోయిందని విసుక్కున్నారు. వారి విసుగులో కొంత న్యాయం లేకపోలేదు.

ఈ తగవును భవన నిర్మాణంతోనే తీర్చటానికి ప్రయత్నించింది స్కాట్లండులోని గ్లాస్గో కేలెడోనియన్ విశ్వవిద్యాలయం. 2006లో సాల్టయర్ సెంటర్ పేరుతో తెరచిన అక్కడి భవనంలో క్రింది అంతస్తు సంతవలె ఉండేది: మాటలు, కాఫీ, కలిసి చేసే పని. పై అంతస్తుకు ఎక్కినకొద్దీ మాట తగ్గాలి. అన్నిటికన్నా పైన పూర్తి నిశ్శబ్దం. కలిసి కూర్చొని మాట్లాడుకోటానికి గాలి ఊది నిలబెట్టే గుడిసెలవంటి గదులు కూడ పెట్టారు. చదువరి తన మనసు ఎట్లా ఉంటే ఆ అంతస్తుకు పోతాడు. ధ్వని శాస్త్రం చెప్పేదేమంటే, నిశ్శబ్దపు చోటుకూ సందడి చోటుకూ మధ్య దూరమో, గోడో, మెత్తని పరుపో ఉండాలి. తలుపు మీద కట్టిన అట్టముక్క ధ్వనిని ఆపదు.

ప్రశ్నావళి చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నవి. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంవారు వాటి కోసం ఒక మానవశాస్త్రజ్ఞురాలిని నియమించారు. ఆమె పేరు నాన్సీ ఫ్రైడ్ ఫాస్టర్. అడవిజాతుల జీవితాన్ని పరిశీలించటానికి వాడే పద్ధతులతో ఆమె, గ్రంథాలయ సిబ్బంది కలిసి తమ విద్యార్థుల జీవితాన్ని పరిశీలించారు. కొందరు విద్యార్థులకు కెమెరాలిచ్చి, చదువుకు వాడే వస్తువులు, ఇష్టమైన చోటు వంటి వాటి ఫోటోలు తీసుకురమ్మన్నారు. మరికొందరికి విశ్వవిద్యాలయపు పటమిచ్చి రోజంతా ఎక్కడెక్కడికి పోయిందీ గుర్తు పెట్టమన్నారు. కాగితమూ రంగులూ ఇచ్చి తమకు నచ్చిన గ్రంథాలయం బొమ్మ గీయమన్నారు. ఫలితాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. విద్యార్థుల పని రాత్రి పొద్దుపోయిన తరువాత ముమ్మరమవుతుందని, పగటి ఉద్యోగులకు అంతవరకు కంటికి కనబడని ఆ జీవితం స్పష్టమైంది. వారు గీసిన బొమ్మలలో పుస్తకాల వెంట మెత్తని కుర్చీలు, తినటానికి త్రాగటానికి వీలు, కావలసినట్లు జరుపుకొనే సామాను కనిపించాయి. పుస్తకాలిచ్చే బల్ల వేరు, సందేహాలు తీర్చే బల్ల వేరు అన్న విభజన వారి మనసులలో లేనే లేదు. సహాయం చేసే మనిషి ఒకరుంటే చాలు. అదే సంవత్సరం అక్కడ తెరచిన గ్లీసన్ గ్రంథాలయ విభాగం రూపకల్పనలో ఆ బొమ్మలకు చోటు దొరికింది. రూపం గీసేటప్పుడు విద్యార్థులను పిలవటం, కట్టిన తరువాత పిలిచి బాగున్నదా అని అడగటం – ఈ రెండూ ఒకటి కావు.

తృప్తిని కొలిచే పనిలో జాగ్రత్త పడవలసినవి ఇంకా కొన్ని ఉన్నవి. కొత్త భవనం తెరచిన సంవత్సరం జనం ఎక్కువ రావటం సహజం. కొత్త వాసన పోయిన తరువాత మళ్ళీ కొలవాలి. పరీక్షల ముందు కుర్చీలు నిండటం చోటు బాగుందనటానికి గుర్తు కాకపోవచ్చును. హాస్టలు గదిలో నలుగురుండి, ఇంటిలో దీపం చాలని విద్యార్థికి మరొక గతి లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు అలవాటు. మెరుగైనది ఎన్నడూ చూడనివాడు ఉన్నదానికే తొమ్మిదికి ఎనిమిది వేస్తాడు. 1700 సంవత్సరంలో చలికి వణుకుతూ బాడ్లియన్‌లో చదివిన పండితుణ్ణి అడిగితే ఆయన కూడ మంచి మార్కులే వేసేవాడేమో! తృప్తి ఎక్కువగా ఉన్నదంటే చోటు బాగున్నదని గాని, ఆశ తక్కువగా ఉన్నదని గాని అర్థం. ఈ రెంటిలో ఏదో చెప్పటానికే లిబ్‌క్వాల్‌లో కోరిక అనే అంకెను విడిగా అడుగుతారు.

2020లో కరోనా వ్యాధి వల్ల ప్రపంచమంతటా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు మూతపడినప్పుడు మరొక సంగతి తెలిసింది. పత్రికలు, పుస్తకాలు చాలవరకు తెర మీద దొరుకుతూనే ఉన్నవి. దొరకనిది కుర్చీ, దీపం, పక్కన చదువుకొంటూ కూర్చున్న మరొక మనిషి. తలుపులు తెరచినప్పుడు బల్లలను దూరదూరంగా జరిపి, ముందుగా పేరు వ్రాయించుకొని కూర్చోనిచ్చారు.

లిబ్‌క్వాల్ ప్రశ్నావళిలో చదువరి గ్రంథాలయానికి ఎంత తరచుగా వస్తాడని కూడ అడుగుతారు. రోజూ, వారానికోసారి, నెలకోసారి, మూడు నెలలకోసారి, ఎన్నడూ రాను – అని సమాధానాలు. ప్రశ్నావళిని గ్రంథాలయంలో కూర్చున్నవారికే గాక విశ్వవిద్యాలయంలోని వారి జాబితా నుంచి ఎన్నిన వారికి పంపుతారు కాబట్టి, చివరి సమాధానానికి గుర్తు పెట్టేవారు కూడ ఉంటారు. వారి కాగితాలలో చివరన వ్యాఖ్యలకు విడిచిన చోటును ముందుగా చదవటం మంచిది.